స్టీరింగ్ దిగిన మనిషి

"నేనే చెప్పిన," అంది పూజిత, చెప్పులైనా విడవకుండా గడప లోపల నిలబడి. "గొర్రెలు అడ్డం రాలేదు, నీకే కండ్లు చీకట్లు కమ్మినయని జనార్దన్ సార్‌కు చెప్పిన. ఇంకేం దాయలే."

నవీన్‌కుమార్ సాయంత్రం ట్రిప్పుకు తయారవుతున్నాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఎడమ మణికట్టు దగ్గర గుండీ పెట్టుకుంటున్నాడు. డయాలసిస్ సూదులకు తాడులా ఉబ్బిన ఆ చేతి నరం ఎవరి కంటా పడకూడదని, తాండూరు ఎండల్లో కూడా అతను అలాంటి చొక్కాలే వేసేవాడు. గుండీ మీద అతని వేళ్ళు ఆగిపోయాయి.

మూలన కూర్చుని కందులు చెరుగుతున్న బుగ్గమ్మ చేట పక్కన పెట్టింది. కొడుకు ముఖంలోకి ఒకసారి, కోడలి ముఖంలోకి ఒకసారి చూసింది. ఆమెకు సగమే అర్థమైంది.

"ఎవల కూడు జెడగొట్టనీకి పోయినవే?" అంది.

పూజిత అత్త వైపు తిరగలేదు. భర్త వైపే చూస్తూ నిలబడింది.

నిన్న సాయంత్రం బషీరాబాద్ రోడ్డులో స్కూలు బస్సు కంది చేను పక్కనున్న కాలువలోకి దిగబడింది. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు. ఒక పిల్లవాడికి పెదవి చిట్లింది. మిగతావాళ్ళు భయపడి ఏడ్చారు. గొర్రెల మంద అడ్డం వస్తే తప్పించబోయానని నవీన్‌కుమార్ చెప్పాడు. అందరూ నమ్మారు. అసలు సంగతి చూసింది మొగులమ్మ ఒక్కతే. పిల్లలను బస్సు ఎక్కించి దించే ఆయా ఆమె. స్టీరింగ్ మీదికి ఒరిగిపోయిన అతని భుజం పట్టి కుదిపింది ఆమే. ఎవరికీ చెప్పొద్దని అతను రెండు చేతులూ పట్టుకుంటే ఆమె నోరు మూసుకుంది.

ఆ రోడ్డు వెంట గొర్రెలు కాసేది బీరమ్మ. వయసు మీద పడ్డ మనిషి. పిల్లల తల్లిదండ్రులు కొందరు చీకటి పడకముందే ఆమె మీదికి పోయారు. ఇకమీదట రోడ్డు దగ్గర మంద కనబడితే ఊరుకోమని బెదిరించారు. పొద్దున్నే ఆమె నవీన్‌కుమార్‌ను వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. నువ్వూ గొర్ల కాపరి కొడుకువే, నా మంద ఆ పూట అటు దిక్కు రానేలేదని నలుగురిలో ఒక్క మాట చెప్పమని అడిగింది. నవీన్‌కుమార్ తల దించుకుని, చూస్తాలే అవ్వా అన్నాడు.

పొయ్యి దగ్గర నిలబడి ఆ మాట విన్న పూజిత, మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా స్కూలుకు, ప్రిన్సిపాల్ జనార్దన్ సార్ దగ్గరికి నడిచింది.

"వికారాబాద్ సంగతి గూడ చెప్పినవా?" అని అడిగాడు నవీన్‌కుమార్. అతని గొంతులో కోపం లేదు. అందుకే పూజితకు భయం వేసింది.

"చెప్పిన."

అతను మంచం అంచున కూర్చున్నాడు. తాండూరులో డయాలసిస్ చేయించుకుంటే ఎవరో ఒకరు చూస్తారని, కిడ్నీలు పోయిన నాటి నుంచీ అతను వికారాబాద్ ఆస్పత్రికే పోయేవాడు. పొద్దుటి ట్రిప్పు కాగానే స్టేషన్‌కు ఉరికి, దొరికిన రైలెక్కి, మిషన్ మీద పడుకుని, సూది తీసిన చోట దూది ఒత్తుకుంటూ మళ్ళీ రైలెక్కి సాయంత్రం ట్రిప్పుకు అందుకునేవాడు. రెండు ట్రిప్పుల నడుమ డ్రైవరు ఎక్కడికి పోతాడో స్కూల్లో ఎవరూ అడగరు. నిన్న రైలు ఆలస్యమైంది. నోట్లో మెతుకు పడకుండానే బండి తీశాడు.

"అక్షర గూడ ఆ బస్సులనే ఉండె," అంది పూజిత. "మన బిడ్డ."

"నాకు యాది లేదనుకుంటున్నవా?"

"యాదుంటే ఇయ్యాల పొద్దుగాల మల్లెందుకు బండెక్కినవ్?"

బయట పాలిషింగ్ యూనిట్‌లో నాపరాళ్ళు కోస్తున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది.

"ఎక్కకపోతే నేనెవర్ని?" అన్నాడు చివరికి. "వికారాబాద్‌ల నేనొక బెడ్డు. ఇంట్ల ఒక రోగిని. నీళ్ళు జరంతనే తాగు, ఉప్పు తినకు, పండుకో అంటరు. గా బస్సు ఎక్కితెనే పూజితా, నన్ను డ్రైవరన్నా అని పిలుస్తరు. గంతే. నాకు మిగిలింది గంతే ఉండె."

పూజితకు ఏడుపు వచ్చింది. ఆపుకుంది.

"బీరమ్మను ఏమని పిలుస్తున్నరో ఇన్నవా?" అంది.

అతను తల ఎత్తలేదు. స్కూలు నుంచి మనిషి వచ్చి బస్సు తాళంచెవి అడిగినప్పుడు కూడా తల ఎత్తకుండానే చెయ్యి చాచి ఇచ్చాడు. ఆ మనిషి పోయాక బుగ్గమ్మ గోడకు తిరిగి కూర్చుని, శవం ముందు ఏడ్చినట్టు సన్నగా రాగం తీసింది. తర్వాత ఫోన్ తీసుకుని పెరట్లోకి పోయి, కుల్కచర్లలో గొర్రెల దగ్గరున్న భర్త హన్మయ్యకు జరిగిందంతా తనకు తెలిసినట్టు చెప్పింది. కోడలు కొంప ముంచిందని చెప్పింది.

మరునాడు పొద్దున బస్సు వచ్చింది. డ్రైవరు సీట్లో ఎవరో కొత్త మనిషి. అక్షర ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"డాడీ, నువ్వు రావా?"

నవీన్‌కుమార్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. బస్సు తలుపు దగ్గర నిలబడ్డ మొగులమ్మ అతని వైపు చూడకుండా పాప సంచి అందుకుంది. బస్సు కదిలింది. కొత్త డ్రైవరు గేరు మార్చిన తీరుకు ఇంజను గరగరమంది. నవీన్‌కుమార్ కుడి చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు జరిగి, మళ్ళీ కిందికి దిగింది. పూజిత అది చూసి లోపలికి పోయింది.

అది డయాలసిస్ రోజు. పూజిత డబ్బాలో అన్నం సర్ది, అతని సంచి తలుపు దగ్గర పెట్టింది. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"రైలు టైమవుతుంది," అంది.

"నేను పోను."

"ఎందుకు పోవు?"

"మిషన్ ఎక్కేది బండి నడపనీకి. గిప్పుడు ఎందుకు ఎక్కాలె?"

పూజిత మొదట బతిమాలింది, తర్వాత కోప్పడింది. బుగ్గమ్మ కూడా వచ్చి, పోరా కొడుకా, జర నా మాట ఇనమని గడ్డం పట్టుకుంది. అతను లేచాడు. పోతాడనే అనుకున్నారిద్దరూ. అతను నేరుగా కుండ దగ్గరికి పోయి, చెంబు ముంచి, నిండుగా ఉన్న ఆ చెంబు నీళ్ళను ఎత్తి పట్టుకుని గటగటా తాగాడు.

జబ్బు వచ్చిన నాటి నుంచీ ఆ ఇంట్లో అతనికి నీళ్ళంటే చిన్న గ్లాసుతో కొలిచి ఇచ్చేవే. నాలుక ఎండితే ఒక మంచుముక్క. అంతే. గొంతు కదులుతుంటే, గడ్డం మీది నుంచి నీళ్ళు కారుతుంటే అత్తాకోడళ్ళు కదలకుండా చూస్తూ ఉండిపోయారు. అతను మళ్ళీ ముంచాడు. అప్పుడు బుగ్గమ్మ పరుగున వచ్చి చెంబు లాక్కుంది. నీళ్ళు ఇద్దరి మీదా ఒలికాయి.

"మస్తు సల్లగున్నయమ్మా," అన్నాడు నవీన్‌కుమార్. చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

ఆ నవ్వుకు బుగ్గమ్మ కూలబడిపోయింది. నిన్నటి నుంచీ కోడలిని తిట్టిన నోటితోనే, పూజితా ఏదన్న జెయ్యి అని ఏడ్చింది. పూజిత ఆమె పక్కనే తడి నేల మీద కూర్చుంది. చెయ్యగలిగింది ఏముందో ఆమెకూ తోచలేదు.

హన్మయ్య వచ్చేసరికి నవీన్‌కుమార్ ముఖం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముసలాయన గొంగడి భుజం మీది నుంచి తీయకుండా కొడుకు ఎదురుగా చతికిలబడ్డాడు. ఆయన మాటలు తక్కువ మనిషి. పూజిత మంచినీళ్ళు తెచ్చి ఇవ్వబోతే, కొడుకును చూసి వద్దన్నాడు.

"బీరమ్మ కాడికి పోయొస్తున్న," అన్నాడు. "కాళ్ళు మొక్కిన."

నవీన్‌కుమార్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వెందుకు మొక్కినవ్ నాయినా?"

"నువ్వు మొక్కలే గద."

హన్మయ్య కొడుకు వైపు కొంచెం జరిగాడు.

"రోగం వచ్చుడు నీ తప్పు గాదురా. నోరు లేని జీవాల మీద పెట్టుడు నీ తప్పు. నీ సదువుకు, నీ లైసెన్సుకు నేను అమ్మింది గూడ అవే." ఆయన గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ముసల్ది నన్నొక్క మాట అనలే. పిలగాన్ని దవాఖానకు తోల్కపో అన్నది. ఇగ లే."

నవీన్‌కుమార్ తండ్రిని చూడలేక కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింది నుంచి నీళ్ళు కారాయి. తర్వాత గోడ పట్టుకుని లేచి, చొక్కా కోసం చెయ్యి చాచాడు. పూజిత పొడుగు చేతుల చొక్కా తీసి ఇచ్చింది. అతను దాన్ని పక్కన పెట్టి, దండెం మీది పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు.

రైల్లో కిటికీ దగ్గర చోటు దొరికింది. అతను ముందుకు వంగి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నాడు. మొదట్లో నాలుగు సార్లు వచ్చిన తర్వాత పూజిత అతనితో ఆస్పత్రికి రావడం మానేసింది. నువ్వెందుకు, నేను ఉరుక్కుంటూ పోతా ఉరుక్కుంటూ వస్తానని అతనే వద్దన్నాడు. ఎదురు సీట్లో ఎవరో ఆడమనిషి అతని ఉబ్బిన చేతి వైపు వింతగా చూస్తోంది. అతను దాన్ని దాచుకోలేదు. వికారాబాద్ దగ్గరపడుతుంటే అనంతగిరి గుట్టలు కనిపించాయి. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఆ గుట్ట మీద గుడికి వచ్చి, తడిసి ముద్దై తిరిగి పోయారు. ఆ మాట అందామనుకుని పూజిత ఊరుకుంది.

వార్డులో అడుగు పెట్టగానే నర్సు రచన గడియారం వైపు చూసింది.

"ఇంత లేటా నవీన్? డ్యూటీకి ఎట్ల అందుకుంటవ్? ఆగు, మత్తయ్య ఎక్కుతున్నడు గానీ నిన్నే ముందు ఎక్కిస్త."

మత్తయ్య అప్పటికే బెడ్ మీద కూర్చుని ఉన్నాడు. తాండూరులో బండలు కోసే పని చేసి, జబ్బు వచ్చాక పని పోగొట్టుకున్న మనిషి. ఇది ప్రతిసారీ జరిగే పనే అన్నట్టు ఆయన లేచి దుప్పటి సర్దాడు.

"దా తమ్మీ. నాకేముంది, పొద్దుగూకెదాంక ఈడనే పడుంట. నీకు పిల్లలు ఎదురుసూస్తుంటరు."

పూజితకు ఇదంతా కొత్త. తన భర్త ఇక్కడ ఉట్టి బెడ్డు కాడని, ఈ గదిలో అందరూ అతని డ్యూటీని కాపాడుతూ వచ్చారని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నువ్వే ఎక్కు మత్తయ్యన్నా," అన్నాడు నవీన్‌కుమార్. "నాకు డ్యూటీ లేదు."

"సెలవా?"

"తీసేసిన్రు."

పక్క బెడ్ల మీద పడుకున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. మత్తయ్య దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు సూది తీసుడే ఆలస్యం లేసి ఉరుకుతుంటే మేము పండుకోని సూసేటోళ్ళం తమ్మీ. మా అందర్ల ఒకడన్న పనికి పోతున్నడని ఉండె." ఆయన అతని వీపు మీద చెయ్యి వేశాడు.

రచన అతని ఊపిరి విని, కాళ్ళ వాపు నొక్కి చూసి, ఏం తాగావని అడిగింది. అతను చెప్పలేదు. పూజిత చెప్పింది. రచన ముఖం మారింది. వెంటనే అతన్నే ముందు పడుకోబెట్టింది. ఈసారి డ్యూటీ కోసం కాదని గదిలో అందరికీ తెలుసు.

మిషన్ తిరగడం మొదలయ్యాక పూజిత వరండాలోకి వచ్చి కూర్చుంది. నిన్న జనార్దన్ సార్ ముందు కూర్చున్నప్పుడు తన నోటి నుంచి మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలచుకుంది. బీరమ్మ ముఖం, అక్షర ముఖం తప్ప అప్పుడు ఆమెకు ఇంకేమీ కనిపించలేదు. మత్తయ్య ముఖం ఆమెకు తెలియదు. తెలిసి ఉంటే మాత్రం చెప్పకుండా ఉండేదా? ఉండేది కాదు. అయినా గుండెలో బరువు దిగలేదు.

ఫోన్ మోగింది. జనార్దన్ సార్.

ఆయన కోపంగా మాట్లాడలేదు. ముందు నవీన్ ఎలా ఉన్నాడని అడిగాడు. బీరమ్మ దగ్గరికి పోయిన తల్లిదండ్రులను పిలిపించి, తప్పు ఆమెది కాదని చెప్పానన్నాడు. పూజిత ఆయనకు దండం పెట్టి, మా ఆయనకు ఏదైనా పని ఉంటుందా సార్, గేటు దగ్గరైనా సరే, బండి ముట్టుకోడు అని అడిగింది. పిల్లల తల్లిదండ్రులకు అంతా తెలిసిపోయాక మళ్ళీ అతన్ని స్కూల్లో పెట్టడం తన వల్ల కాదన్నాడు. ఆరోగ్యం చూసుకోమన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. నిజం తెలిసీ దాచినందుకు మొగులమ్మను రేపటి నుంచి రావద్దన్నారట. బస్సుకు ఒక ఆయా కావాలి. తనంతట తాను వచ్చి నిజం చెప్పిన మనిషి కంటే నమ్మకస్తురాలు ఎవరు దొరుకుతారని ఆయన అడిగాడు. ఇంటికి ఆసరాగానూ ఉంటుంది, పొద్దున బస్సు మీ వాకిటికి వచ్చేటప్పటికి తయారుగా ఉండమ్మా, రాలేకుంటే ఆ సంగతి డ్రైవరుతో చెప్పి పంపమన్నాడు.

పూజిత ఫోన్ చెవి దగ్గర అలాగే పెట్టుకుని ఉంది. అవతల ఎప్పుడో పెట్టేశాడు.

తిరుగు రైల్లో నవీన్‌కుమార్‌కు ఊపిరి తేలికైంది గానీ ఒంట్లో సత్తువ లేదు. ఆమె భుజానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నిన్నటి నుంచీ ఆమెను తాకడం అదే మొదటిసారి. ధారూరు దాటాక చెబుదామనుకుంది. మాట నోటి దాకా వచ్చింది. అతని తల భుజం మీది నుంచి జారుతుంటే సరిచేసి, ఊరుకుంది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. హన్మయ్య మంద దగ్గరికి తిరిగి పోయాడు. వసారాలో బుగ్గమ్మ పక్కన మొగులమ్మ కూర్చుని ఉంది. ఆమె ఒడిలో తల పెట్టుకుని అక్షర ఏదో కబురు చెబుతోంది. సాయంత్రం బస్సు వాకిట్లో ఆగితే ఎవరూ బయటికి రాలేదని, పాపను తానే లోపలికి తీసుకొచ్చానంది మొగులమ్మ.

"రేపటి సంది నేను రాను చెల్లె. బిడ్డను జర సూసుకోండ్రి."

నవీన్‌కుమార్ స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. "నా వల్లనే గద అక్కా."

"నోరు మూసుకొమ్మన్నది నువ్వు. మూసుకున్నది నేను." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అలసట ఉంది. "నిన్ను బస్సు దింపితే మీ ఇల్లు గడవదనుకున్న. నా ఇల్లు యాదికి రాలే ఆ టైముకు." అక్షర జుట్టు సవరిస్తూ అంది, "నా జాగల ఎవరినో అనుకున్నరంట. ఎవరో చెప్పలే. కొత్త మనిషయితే చిన్న పిల్లలు సతాయిస్తరు, పాపం."

పూజిత చేతిలోని సంచి కింద పెట్టింది. ఆ మాట దాచి ఈ పూట గడపవచ్చు. రేపు పొద్దున బస్సు వస్తే ఎలాగూ తెలుస్తుంది. ఆమె భర్త వైపు చూడకుండా మొగులమ్మకు ఎదురుగా కూర్చుంది.

"నన్నే అడిగిండు అక్కా. సార్ నాకు ఫోన్ చేసిండు."

బుగ్గమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగులమ్మ చెయ్యి పాప తల మీదే ఆగిపోయింది. అక్షర మాత్రం గబుక్కున లేచి తల్లి మెడకు వేలాడింది.

"అమ్మా, నువ్వు రోజూ నా బస్సుల వస్తవా? నిజంగనా?"

దాన్ని ఊరుకొమ్మని ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో నిన్నటి నుంచీ ఒకరు సంతోషపడటం అదే మొదలు.

"ఒప్పుకున్నవా?" అని అడిగింది మొగులమ్మ.

"ఇంక చెప్పలే."

మొగులమ్మ లేచి చీర దులుపుకుంది. నువ్వు కాదంటే ఇంకొకరు వస్తారని, తనకైతే ఆ పని మళ్ళీ రాదని మెల్లగా అంది. చెప్పులు వేసుకుని, పాప వైపు ఒకసారి చూసి, బండల యూనిట్ల మీదుగా తన ఇంటి దారి పట్టింది.

నవీన్‌కుమార్ అప్పుడు పూజిత వైపు తిరిగాడు. నిన్నటి నుంచీ తప్పించుకుంటున్న కళ్ళు ఆమె ముఖం మీద నిలిచాయి.

"రేపు బస్సు వచ్చినంక ఏం జెప్తవ్?" అన్నాడు.

పూజిత నోరు తెరిచింది. నిన్న సార్ ముందు తడుముకోకుండా వచ్చిన మాట, ఇవాళ తన ఇంట్లో, తన మొగుడి ముందు రాలేదు.